ఒరిగిన పడవలో వంటిల్లు

ప్రశ్న: 1960ల నాటి నమూనాలో కట్టిన ముప్పై అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవను ఈ మధ్య కొన్నాను. లోపల మరీ ఇరుకు. ముందున్న పడకల గదికీ మధ్య క్యాబిన్‌కూ నడుమ ఉన్న ప్లైవుడ్ గోడను తీసేసి, మెట్ల దగ్గరున్న వంటగట్టును ఒక పక్కగా పొడవునా మారిస్తే విశాలంగా ఉంటుందనిపిస్తోంది. మీ సలహా ఏమిటి?

జవాబు: ముందుగా గోడ సంగతి. దాని జోలికి వెళ్ళకండి. మీరు గోడ అంటున్న ఆ బల్క్‌హెడ్ కేవలం చాటు కోసం పెట్టినది కాదు. దాని అంచులను రెజిన్‌తో తడిపిన గాజునార పట్టీలతో హల్‌కు, అంటే పడవ బయటి దేహానికి, అతికించి ఉంటారు. తెరచాప స్తంభాన్ని పక్కల నుంచి లాగి పట్టే ఉక్కు తీగలు డెక్ దగ్గర చైన్‌ప్లేట్లు అనే ఏ లోహపు పట్టీలకు తగులుకుంటాయో, ఆ చైన్‌ప్లేట్లను ఆ కాలపు పడవలు చాలావాటిలో ఈ బల్క్‌హెడ్‌కే బోల్టులతో బిగించేవారు. స్తంభం డెక్ మీదే ఆగిపోయే రకమైతే దాని భారం కూడా ఈ గోడ మీదికో, దాన్ని ఆనుకుని నిట్రాడులా నిలిచిన ఊతకర్ర మీదికో దిగుతుంది. అందులో ద్వారాన్ని నాలుగు అంగుళాలు వెడల్పు చేయాలన్నా పడవల నిర్మాణం తెలిసిన ఇంజనీరును అడిగి తీరాలి.

ఇరుకుకు అసలు కారణం వేరే ఉంది. 1962లో కెనడాలో తయారీ మొదలైన ఆల్బర్గ్ 30 పడవనే తీసుకోండి. మొత్తం పొడవు 30 అడుగులకు కాస్త ఎక్కువ, నీటి గీత దగ్గర పొడవు 22 అడుగుల లోపే, వెడల్పు 8 అడుగుల 9 అంగుళాలు. ఆనాటి పందేల నిబంధనల్లో నీటి గీత పొడవు పెరిగితే పడవకు నష్టం కాబట్టి దాన్ని తక్కువగా ఉంచి, అణియమూ (ముందు కొన) అమరమూ (వెనుక కొన) నీటికి పైన చాచుకుని ఉండేటట్లు గీసేవారు. ఆ చాచిన భాగాల్లో మనిషి నిలబడే చోటు ఉండదు. 1970ల మధ్యలో వచ్చిన కెటలీనా 30 దాదాపు అంతే పొడవున్నా వెడల్పు 10 అడుగుల 10 అంగుళాలు. ఆ రెండడుగుల తేడాను గోడలు పడగొట్టి తెచ్చుకోలేము.

ఇక వంటగట్టు. మీరు తలచుకున్న అమరిక కొత్తదేమీ కాదు. ఒక పక్క పొడవాటి గట్టు, ఎదురుగా దించితే ఇద్దరికి పడకయ్యే భోజనబల్ల, ఇది ఆ రోజుల్లో బాగా ఆదరణ పొందిన పద్ధతే. రేవులో కట్టి ఉన్నప్పుడు చూడముచ్చటగా ఉంటుంది. అయితే గాలికి పడవ ఇరవై డిగ్రీలు ఒరిగి పోతున్నప్పుడు, రెండు చేతులూ గిన్నెల మీద ఉన్న మనిషికి నడుము ఆనించుకునే ఆధారం అక్కడ ఎక్కడా ఉండదు. అలకొక అడుగు చొప్పున వెనక్కి జరిగి బల్ల మీద పడతారు. మెట్ల పక్కన మూడువైపులా చుట్టుకుని ఉండే చిన్న వంటగట్టులో ఒక తుంటి స్టవ్ పక్కన, ఇంకొకటి సింకు పక్కన ఆనుతుంది, వెడల్పాటి పట్టీని వెనుక కొక్కేలకు తగిలిస్తే చేతులు పూర్తిగా వంటకే దక్కుతాయి. పైగా అణియం దగ్గరి ఎగిరిపాటు అక్కడ ఉండదు, ఆవిరి మెట్ల దారినే పైకి పోతుంది. ఇరుకే అక్కడ సౌకర్యం. మార్పు చేసే తీరాలనుకుంటే, అట్టపెట్టెలతో కొత్త గట్టును అసలు కొలతల్లో నిలబెట్టి, గాలి ఉన్న రోజున సముద్రంలో అక్కడే నిలబడి ఒక్కసారి టీ కాచే అభినయం చేసి చూడండి. రంపం దాని తరువాత తీయవచ్చు.

ప్రశ్న: మా పాత పడవలోని ఐస్‌బాక్స్‌లో ఐసు రెండో రోజుకే నీరైపోతోంది. సింకు కూడా ఒక వైపు ఒరిగినప్పుడు దానంతటదే నిండుతోంది. రెండింటికీ సంబంధం ఉందా?

జవాబు: లేదు. ఐసు కరగడానికి కారణం పెట్టె చుట్టూ ఉన్న పలుచని ఫోమ్. లోపలి తలాలన్నీ కలిపి రెండు చదరపు మీటర్లు, బయటికీ లోపలికీ తేడా 25 డిగ్రీలు అనుకుంటే, అయిదు సెంటీమీటర్ల పొడి ఫోమ్ గుండా చొరబడే వేడి రోజుకు సుమారు ఆరున్నర కిలోల ఐసును కరిగిస్తుంది. మందం పది సెంటీమీటర్లయితే అందులో సగమే. ఏళ్ళ తరబడి తేమ పీల్చిన ఫోమ్ ఇంకా అధ్వానం. పెట్టెను ఊడదీయలేకపోతే లోపలివైపునే ఫోమ్ పలకలు పరచి, పైన గాజునార పొర వేయించండి. చోటు తగ్గినా ఐసు మిగులుతుంది. మూతకు రబ్బరు అంచు పెట్టండి. అడుగు రంధ్రం తిన్నగా బిల్జ్‌లోకి, అంటే పడవ అట్టడుగున నీరు చేరే చోటికి, తెరుచుకుని ఉంటే చల్లగాలి అటే జారిపోతుంది, పాలూ చేపల నీళ్ళూ చేరి బిల్జ్ కంపు కొడుతుంది. ఆ గొట్టానికి ఒక కవాటం బిగిస్తే చాలు.

సింకు పక్కగా, హల్‌కు దగ్గరగా ఉండి ఉంటుంది. పడవ అటు ఒరిగినప్పుడు సింకు అడుగు నీటిమట్టం కన్నా కిందికి దిగి, సముద్రం గొట్టంలోంచే లోపలికి వస్తుంది. నేనొకసారి సొరుగులోని పంచదార తడిసి పాకమయ్యేదాకా ఈ సంగతి కనిపెట్టలేకపోయాను. సింకును పడవ నడిమి గీత వైపు జరపడమే శాశ్వత పరిష్కారం. అంతవరకూ బయలుదేరేముందు హల్ దగ్గరి కవాటాన్ని మూసేయండి; అది తిప్పే చక్రం ఉన్న పాత ఇత్తడి గేట్ వాల్వ్ అయితే తీసి, పావు తిప్పుతో మూతపడే సీకాక్ అనే కవాటం పెట్టించండి. ఇత్తడిలోని జింకును ఉప్పునీరు తినేశాక చక్రం తిరుగుతూనే ఉంటుంది గానీ లోపల తలుపు కదలదు.

ప్రశ్న: పాత స్పిరిట్ స్టవ్‌ను తీసేసి గ్యాస్ పెట్టుకోవచ్చా?

జవాబు: స్టవ్ ఒక్కటీ మార్చడమైతే వద్దు. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది, కారితే పోయి బిల్జ్‌లో నిలుస్తుంది, కిటికీ తెరిచినంత మాత్రాన బయటికి పోదు. సిలిండర్‌కు క్యాబిన్‌తో సంబంధం లేని, అడుగు రంధ్రం పడవ బయటికి తెరుచుకునే అర ఉండాలి. అటువంటి చోటు పాత పడవల్లో అరుదు. అది అమర్చగలిగితే గ్యాసే మేలు, ఎందుకంటే కిలోకు స్పిరిట్ కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా వేడినిస్తుంది. లేదంటే పంపుకొట్టే రకం వదిలేసి, పీడనం లేని డబ్బా రకం స్పిరిట్ స్టవ్‌కు మారండి. పగటి వెలుగులో స్పిరిట్ మంట కంటికి కనబడకపోవచ్చు కాబట్టి, ఆరిందనుకున్నాక కూడా బర్నర్ పూర్తిగా చల్లబడే వరకూ అందులో స్పిరిట్ పోయవద్దు.