నాన్న జీతమున్న పొలం కొనొచ్చా?

ప్రశ్న: మాది కోరుట్ల దగ్గర పల్లె. నాన్న ఒక పటేలు దగ్గర పాలేరుగా జీతమున్నాడు, అమ్మ బీడీలు చేసి మమ్మల్ని సాకింది. అప్పు చేసి దుబాయి వచ్చాను, 14 ఏళ్లయింది. ఇప్పుడు ఫోర్‌మన్‌ని. నెలకు 4,200 దిర్హాములు, అందులో బేసిక్ 2,500. అప్పులు తీరాయి. ఊళ్లో తీసిన పాత సేవింగ్స్ ఖాతాలో 18 లక్షలున్నాయి. నాన్న దున్నిన పొలంలోనే 30 గుంటలు అమ్మకానికొచ్చాయి. తమ్ముడి పేరు మీద కొందామా? మరో మూడేళ్లలో ఇంటికి వచ్చేస్తాను.

జవాబు: మీ నాన్న ఇంకొకరి కోసం దున్నిన మడిలో మీరు సొంతంగా నాటు వేయాలనుకుంటున్నారు. ఆ డబ్బు ఫండ్లలో పెడితే ఎంత వస్తుందన్న పోలిక మీ దగ్గర తేను. కొనండి. కానీ ఇప్పుడు కాదు. తమ్ముడి పేరు మీద అసలే వద్దు.

విదేశంలో ఉంటున్న ప్రవాసులు ఇక్కడ సాగుభూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అంతే. ఇక తమ్ముడి సంగతి. డబ్బు నిజంగా అతనికే ఇచ్చేస్తే పొలం అతనిది, రేపు అతని భార్యాపిల్లలది. పేరు అతనిది, పొలం నాది అంటే అది బినామీ. 2016లో సవరించిన చట్టం ప్రకారం ఆస్తి జప్తు చేస్తారు, జైలుశిక్ష కూడా ఉంది. మీ తమ్ముడు బంగారంలాంటి మనిషే కావచ్చు. అయినా చెల్లేది పట్టాదారు పాస్‌బుక్కులో ఉన్న పేరే, ఇంట్లో అనుకున్న మాట కాదు. ఈ ఒక్క విషయంలో అన్నదమ్ములు మాటల్లేకుండా విడిపోవడం నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇల్లు, ఇంటిస్థలం మీరు ఇప్పుడే కొనుక్కోవచ్చు. అయితే ప్లాటు అని చూపించేది రికార్డుల్లో ఇంకా సాగుభూమిగానే ఉండొచ్చు. సాగుభూమిని వేరే వాడకానికి మార్చినట్టు చూపే నాలా మార్పిడి కాగితం చూడకుండా బయానా ఇవ్వకండి.

దుబాయి వెళ్లాక పాత సేవింగ్స్ ఖాతా అలాగే ఉంచకూడదు. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు దాన్ని ఎన్ఆర్ఓగా, అంటే ప్రవాసులు ఇక్కడి డబ్బు ఉంచుకునే ఖాతాగా మార్పించి, 18 లక్షలు అందులోనే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. వడ్డీ మీద 30 శాతానికి పైగా టీడీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. ఇక్కడ మీకు వేరే ఆదాయం లేకపోతే ఆ వడ్డీ పన్ను పరిమితి లోపే ఉంటుంది కాబట్టి రిటర్న్ వేస్తే కోసింది తిరిగి వస్తుంది. ఇకమీదట పంపే డబ్బు ఎన్ఆర్ఈ ఖాతాకు, అంటే విదేశీ సంపాదన దాచుకునే ప్రవాస ఖాతాకు పంపండి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. కాకపోతే ఎన్ఆర్ఈ డిపాజిట్‌ను ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ రాదు.

మీరు రాయని డబ్బు ఒకటుంది. అది గ్రాట్యుటీ, ఉద్యోగం ముగిసినప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం. మొత్తం 14 ఏళ్లూ ఒకే కంపెనీ అయితే దాని లెక్క ఇది: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. మొత్తం 375 రోజులు, అంటే 31,250 దిర్హాములు. ఇంకో మూడేళ్లు చేస్తే 7,500 కలుస్తాయి. నడుమ కంపెనీ మారి ఉంటే అప్పటి లెక్క అప్పుడే ముగిసి ఉంటుంది, కాగితాలు చూసుకోండి.

ఇవే 30 గుంటలు అప్పటిదాకా ఆగకపోవచ్చు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అదే చెరువు కింద ఇంకో మడి దొరుకుతుంది. శాశ్వతంగా తిరిగొచ్చాక మీ పేరు మీదే రిజిస్ట్రేషన్ చేయించుకోండి. సాక్షి సంతకం తమ్ముడితో పెట్టించండి, అమ్మను కూడా వెంట తీసుకెళ్లండి.