గీత మణికట్టుదా, మోచేతిదా?

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పాటూరు. ఇంట్లో జాకార్డు మగ్గం ఉంది. అంచులకీ బుటాలకీ డిజైన్లు ఇన్నాళ్లూ నాన్న గ్రాఫ్ కాగితం మీద వేసేవారు. ఇప్పుడు నేను ల్యాప్‌టాప్‌లో వేస్తున్నాను. మౌస్‌తో గంటసేపు వేస్తే చెయ్యి లాగేస్తోంది. గ్రాఫిక్స్ టాబ్లెట్ (పెన్నుతో గీస్తే గీత స్క్రీన్ మీద పడే పలక) కొందామంటే స్మాల్, మీడియం, లార్జ్ అన్నారు. చిన్నదాని మీద గీత సరిగా రాదని షాపులో చెప్పారు. నిజమేనా మేడమ్?
– ఒక పాఠకురాలు, పాటూరు

జవాబు: సగం నిజం, తల్లీ. ఆ సగంతో నీకు పని లేదు. నువ్వు స్మాల్ కొనుక్కో.

ఎందుకో చెప్తాను. టాబ్లెట్ నాలుగు మూలలూ స్క్రీన్ నాలుగు మూలలకి సరిపోతాయి. వాకమ్ కంపెనీ ఇంట్యుయోస్ స్మాల్‌లో పెన్ను పనిచేసే చోటు 152 మిల్లీమీటర్ల వెడల్పు, 95 ఎత్తు. మీడియంలో 216 వెడల్పు, 135 ఎత్తు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ స్క్రీన్ దాదాపు 345 మి.మీ. వెడల్పుంటుంది. స్మాల్ మీద పెన్ను ఒక మిల్లీమీటరు జరిగితే స్క్రీన్ మీద కర్సర్ రెండుంబావు జరుగుతుందన్నమాట. మీడియం మీదైతే ఒకటిన్నర పైచిలుకు. చేతి వణుకు కూడా ఆ లెక్కనే పెద్దదై కనిపిస్తుంది. షాపువాళ్లు చెప్పింది ఇదే. టాబ్లెట్ చిన్నదైతే అది గీతను తక్కువ పట్టుకుంటుందనుకోవద్దు. ఆ రెండు సైజులూ మిల్లీమీటరుకి 100 బిందువుల చొప్పునే గుర్తుపడతాయి.

ఇక నీ పని సంగతి. మీది 240 హుక్కుల జాకార్డు అనుకుందాం. డిజైన్ వెడల్పు 240 గళ్లు. గడికో హుక్కు (నిలువు పోగుల్ని ఎత్తే కొక్కెం), అడ్డవరసకో అట్ట (ఏ హుక్కు లేవాలో రంధ్రాలతో చెప్పేది). నువ్వు మొత్తం డిజైన్ ఒకేసారి వెయ్యవు కదా, జూమ్ చేసుకుని ముక్కముక్కగా నింపుతావు. 60 గళ్లు స్క్రీన్ నిండా పెట్టుకుంటే స్మాల్ మీద గడికి రెండున్నర మిల్లీమీటర్లు వస్తుంది. గళ్లు నింపడానికి పొట్టి గీతలు చాలు, అవి వేళ్లతో, మణికట్టుతో అయిపోతాయి. మీడియం మీద అదే గడికి ఇంకో మిల్లీమీటరు కలుస్తుంది. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. పెన్ను ఎంత గట్టిగా నొక్కామో పసిగట్టే ఒత్తిడి స్థాయిలు 4096, 8192 అని ఊరిస్తారు, గళ్ల పనికి వాటితోనూ అవసరం లేదు.

సైజు కన్నా నీకు ముఖ్యమైన మాట ఒకటుంది. సాఫ్ట్‌వేర్‌లో బ్రష్ కాకుండా పెన్సిల్ తీసుకో. బ్రష్ గీత అంచుని మెత్తబరుస్తుంది, పక్క గడి సగం రంగుతో నిండుతుంది. అట్ట కొట్టేటప్పుడు ఆ గడికి రంధ్రం పెట్టాలో వద్దో ఎవరికీ తెలీదు. నాన్నగారు గ్రాఫ్ మీద గడి నింపితే నిండింది, లేకపోతే లేదు. ఆ కచ్చితత్వం పోనివ్వకు. పాటూరు చీరకి నీ చేత్తో కొత్త అంచు పడుతుందంటే నాకెంత సంతోషమో. నేసిన తర్వాత ఒక ఫొటో పంపు తల్లీ.

ప్రశ్న: నేను ఒంగోలు గిత్తల బొమ్మలు వేస్తానక్కా. చార్టు మీద బొగ్గుతో బాగానే వస్తాయి. స్నేహితుడి స్మాల్ టాబ్లెట్ మీద వేస్తే మూపురం గీత వంకరపోతోంది. నాది 24 అంగుళాల మానిటర్. లార్జ్ కొనమంటారా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: చార్టు మీద నువ్వు మూపురం దగ్గర ఎత్తుకుని వెన్ను మీదుగా తోక దాకా ఒకే ఊపులో లాగుతావు కదా నాయనా. ఆ గీత మోచేతి నుంచి, భుజం నుంచి వస్తుంది. స్మాల్ మీద మోచెయ్యి ఆడదు. ఆ పని మణికట్టు మీద పడుతుంది. పైగా నీ మానిటర్ వెడల్పు 530 మి.మీ. పైనే, అంటే చెయ్యి కదలిక మూడున్నర రెట్లవుతోంది. వంకర అక్కడిది, నీ చేతిలో లోపమేమీ లేదు.

అలాగని నేరుగా లార్జ్‌కి పోవద్దు. హుయాన్ హెచ్610 ప్రో, ఎక్స్‌పీ-పెన్ డెకో 01 లాంటి మీడియం టాబ్లెట్లు 10 అంగుళాల వెడల్పు, 6.25 ఎత్తు ఉంటాయి. నీ మానిటర్‌కి రెండు రెట్ల చిల్లర తేడా. చాలామందికి అది హాయిగా ఉంటుంది. కొనేముందు అదే కొలతకి కాగితం కత్తిరించి మానిటర్ ముందు బల్ల మీద అతికించు. కళ్లు మానిటర్ మీదే ఉంచి గిత్తని గియ్యి. మోచెయ్యి స్వేచ్ఛగా తిరిగితే ఇది చాలు. పెన్సిల్ మాటిమాటికీ కాగితం దాటి బల్ల మీదికి పోతే అప్పుడు లార్జ్ ఆలోచించు. 2017లో వచ్చిన ఇంట్యుయోస్ ప్రో లార్జ్‌లో గీసే చోటే 311 మి.మీ. వెడల్పు, ఇంచుమించు ఏ4 కాగితమంత. చుట్టూ అంచు కలిస్తే కీబోర్డుకి చోటుండదు.

నేను మూలాపేటలో ఒక చిన్న గదిలో పిల్లల కథలకి బొమ్మలు వేస్తాను. నాది మీడియం. పెద్ద దృశ్యాలకి మొత్తం వాడతాను. ముఖాలూ కళ్లూ వేసేటప్పుడు సెట్టింగుల్లో గీసే చోటుని తగ్గించుకుంటాను. పెద్దదాన్ని ఇలా చిన్నది చేసుకోవచ్చు, చిన్నదాన్ని పెద్దది చెయ్యలేం. ఎటూ తేల్చుకోలేనివాళ్లకి మీడియమే చెప్పడానికి నా కారణం ఇది.

ఇంకో సంగతి, ఇది మర్చిపోకు. ఆ టాబ్లెట్ వెడల్పు-ఎత్తుల నిష్పత్తి 16:10, నీ మానిటర్ 16:9 అయ్యుంటుంది. అలాగే వదిలేస్తే గుండ్రం కోడిగుడ్డవుతుంది, గిత్త ఒళ్లు సాగుతుంది, గంగడోలు కురచవుతుంది. డ్రైవర్ (టాబ్లెట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో నిష్పత్తి స్క్రీన్‌కి సమానంగా ఉంచే ఎంపిక ఉంటుంది, అది పెట్టుకో. ఎత్తులో దాదాపు 16 మిల్లీమీటర్ల పట్టీ వృథా అవుతుంది, కానీ గిత్త గిత్తలా ఉంటుంది.

ప్రశ్న: ఇంటి నుంచి పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తున్నాను. రాయడానికి ఏది మేలు?
– ఒక ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: స్మాల్ చాలు మాస్టారూ. అక్షరాలు మరీ పెద్దవిగా పడుతుంటే టాబ్లెట్‌ని స్క్రీన్ మొత్తానికి కాకుండా మీరు రాసే కిటికీ వరకే సరిపెట్టండి. టాబ్లెట్ పక్కకి కాకుండా మీ గుండెకి ఎదురుగా ఉండాలి, లేకపోతే వరస ఏటవాలుగా ఎక్కిపోతుంది.