తేనీటి గది ఉన్న పల్లె ఇంటికి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మే నెలలో జపాన్‌లోని క్యోటో వెళ్లినప్పుడు రెండు రాత్రులు దక్షిణాన తేయాకు తోటల మధ్య ఉన్న వజుకాలో, అతిథులకు పద్ధతి ప్రకారం తేనీరు ఇచ్చే తేనీటి గది ఉన్న ఒక పల్లె వసతి గృహంలో గడుపుతానని నీవు రాసిన మాట నాకు ఎంతో సంతోషం కలిగించింది. అక్కడ కొత్త ఆకు కోసేది ఆ రోజుల్లోనే.

అన్నిటికన్నా ముందు భోజనం సంగతి చెబుతాను. నేను ఒసాకాలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఇటువంటి ఒక ఇంట్లో దిగి, శాకాహారినని మాత్రమే చెప్పి ఊరుకున్నాను. వారు చేపముక్కలు వడ్డించలేదు గానీ, పులుసూ కూరా ఎండుచేప కాచిన నీళ్లతోనే వండారు. అది వారి తప్పు కాదు, వివరంగా చెప్పకపోవడం నా తప్పు. కాబట్టి చేప, మాంసం, గుడ్డు, ఎండుచేప రసం ఏవీ తిననని, సముద్రపు నాచుతోనో ఎండు పుట్టగొడుగులతోనో కాచిన రసమైతే సమ్మతమేనని కనీసం వారం ముందే రాతపూర్వకంగా తెలియజేయి. రాత్రి భోజనం సాధారణంగా ఆరు, ఏడు గంటల మధ్య పెడతారు. ఆలస్యంగా చేరితే వండినవారు నీ కోసం కాచుకుని కూర్చోవలసి వస్తుంది.

గుమ్మంలోనే చెప్పులు విడిచిపెట్టు. నేలంతా పరిచిన తతామి అనే గడ్డి చాపల మీద చక్రాల పెట్టెను దొర్లించవద్దు, ఎత్తి పట్టుకో. స్నానాల గదిలో ముందు తొట్టి బయట సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, ఆ తరువాతే వేడినీటి తొట్టిలో దిగాలి. ఆ నీరు మిగిలిన అతిథులకు కూడా కనుక తొట్టి ఖాళీ చేయకూడదు.

ఇక తేనీటి గది. 16వ శతాబ్దంలో తేనీటి గురువు సెన్ నో రిక్యూ తీర్చిదిద్దిన పద్ధతిలో కట్టిన గదికి సుమారు 66 సెంటీమీటర్ల ఎత్తున్న చిన్న ద్వారం ఉంటుంది. ఎంతటివారైనా వంగి, మోకాళ్ల మీద లోపలికి జరగవలసిందే. వెళ్లే ముందు ఉంగరాలు, గాజులు, చేతి గడియారం తీసిపెట్టు, పాతకాలపు గిన్నెలకు గీతలు పడతాయి. సెంటు పూసుకోవద్దు, గదిలోని ధూపపు వాసన దానిలో కలిసిపోతుంది. తెల్లని మేజోళ్లు వేసుకో, చాపల అంచుల మీద అడుగు వేయకు. లోపలికి వెళ్లగానే గోడలోని గూటిలో వేలాడదీసిన చిత్రపటాన్ని, పూవును కాసేపు శ్రద్ధగా చూడు; ఆ రోజు వచ్చే అతిథిని తలచుకుని ఎంచి పెట్టినవి అవి.

మిఠాయిని తేనీటికి ముందే పూర్తిగా తినాలి, మచ్చా అనే పచ్చ తేయాకు పొడితో చేసిన ఆ తేనీటి చేదు నాలుకకు హాయిగా తోచేది అప్పుడే. గిన్నెను ఎడమ అరచేతిలో ఉంచుకుని, దాని ముందు భాగం నీ పెదవులకు తగలకుండా కొద్దిగా తిప్పి తాగు. తాగిన తరువాత తొందరపడి పక్కన పెట్టేయక, వంగి, నేలకు దగ్గరగా పట్టుకుని గిన్నెను చూడు. దాని గురించి అడిగితే ఆ ఇంటివారు ఎంతో ఇష్టంగా చెబుతారు. అటువంటి గదిలో అన్నిటికన్నా నా మనసులో మిగిలిపోయినది, ఎవరూ మాట్లాడని వేళ వినిపించిన నీళ్లు మరిగే చప్పుడు. కనుక ఫోను నీ గదిలోనే వదిలి వెళ్లమ్మా.

అక్కడ కూర్చునే తీరు మన వజ్రాసనం వంటిదే. రోజూ పది నిమిషాలు ఇప్పటినుంచే అలవాటు చేసుకో. అయినా కాళ్లు తిమ్మిరెక్కితే మొహమాటపడక చెప్పు, వారు ఏమీ అనుకోరు. భోజనం గురించి రాసే కాగితం ముందుగా నాకు పంపితే జపనీస్‌లో రాసి ఇస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న