త్రీ నాట్ త్రీ చెక్క మీద చెయ్యి వేసే ముందు

ఒరేయ్ వాసూ,

డాలస్‌లో పాత త్రీ నాట్ త్రీ రైఫిల్ కొన్నావని మీ అమ్మ ఫోన్లో ఒకటే టెన్షన్. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మార్క్ త్రీ లీ ఎన్‌ఫీల్డ్, మన దగ్గర పోలీసులు ఏళ్ల తరబడి భుజాన మోసిన రకమే. దాని చెక్కని అద్దంలా మెరిపిస్తానన్నావట. శాండింగ్ మెషీన్ మాత్రం బయటికి తీయకు.

ముందు తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందో లేదో వేలు పెట్టి చూసుకుని, తూటాని లోపలికి తోసే బోల్ట్ తీసి పక్కన పెట్టు. విప్పేటప్పుడు వరస తప్పకూడదు. బ్యారెల్ కింద పొడుగ్గా ఉండే ముందు చెక్క తీశాకే వెనక భుజానికి ఆనించే చెక్క, అంటే బట్ జోలికి వెళ్లు, ఎందుకంటే బట్‌ని పట్టి ఉంచే పెద్ద మర బోల్టు కొస నలుపలకలుగా ఉండి ముందు చెక్కలోని చిన్న ఇనప పలకలో కూర్చుంటుంది, ముందు చెక్క ఉండగా ఆ బోల్టు తిప్పావంటే చెక్క చీలిపోతుంది. చాలామంది పాడుచేసేది ఇక్కడే.

జిడ్డుకి మినరల్ స్పిరిట్స్ (పెయింట్ పలచన చేసే ద్రావకం), మెత్తటి గుడ్డ చాలు. ఎవరో వార్నిష్ పూసి ఉంటే దాన్ని ఊడదీసే స్ట్రిప్పర్ మందు వాడు, గ్లౌజులు వేసుకో. సొట్టల మీద తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి నొక్కుకుపోయిన నారలు ఉబ్బి పైకొస్తాయి. నార తెగిన గాటు మాత్రం లేవదు, ఉండనీ. ఇనుముకి ఆనుకునే లోపలి భాగాల్ని అసలు గీకకు, ముఖ్యంగా ముందు చెక్క వెనక చివర: పేల్చినప్పుడు తన్ను పడేది అక్కడే, బిగువు పోతే గురీ పోతుంది. చెక్క మీది ముద్రలు గీకేస్తే మళ్లీ రావు.

తర్వాత అవిసె నూనె. సైన్యంలో పచ్చి నూనే వాడేవారు, అది ఆరడానికి రోజులు పడుతుంది. అంత ఓపిక లేకపోతే బాయిల్డ్ డబ్బా తెచ్చుకో, అందులో తొందరగా ఆరే మందులు కలుపుతారు. నాలుగు చుక్కలు అరచేత్తో వేడెక్కేదాకా రుద్ది, మిగిలింది తుడిచెయ్. పూర్తిగా ఆరాకే ఇంకో పూత, మందంగా పూస్తే బంకలా మిగులుతుంది. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి గరాజ్‌లో పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, ఇది ఉత్తి బెదిరింపు కాదు. బయట విప్పి ఆరేయ్, లేదా నీళ్ల డబ్బాలో ముంచు.

బట్ పొడుగు నీ చేతికి సరిపోలేదని కోయించకు. ఈ బట్‌లు వేర్వేరు పొడుగుల్లో వచ్చేవి, పొట్టిదానికి ఎస్, పొడుగుదానికి ఎల్, మరీ పొట్టిదానికి బి అని ముద్ర ఉంటుంది, మామూలు దానికి చాలావరకు ఏమీ ఉండదు. సరిపడేది వెతికి మార్చుకో. భుజం నొప్పికి పైన తొడిగే రబ్బరు ప్యాడ్ చాలు.

నీ బట్ మీద ఏ అక్షరం ఉందో ఫొటో పంపు.

మీ పెదనాన్న