‘యీ బూ యీ ఛ్యూ’ మెప్పు కాదండీ

మీ చైనీస్ టీచర్‌కిచ్చే కార్డులో ‘మీ అడుగులో అడుగేస్తున్నాను’ అనడానికి ‘యీ బూ యీ ఛ్యూ’ రాయొచ్చా అని అడిగారు. వద్దండీ.

మాటలకు అర్థం మీరు సరిగ్గానే పట్టుకున్నారు: ‘బూ’ నడక, ‘ఛ్యూ’ వడినడక. ఇది ‘జువాంగ్‌జీ’ అనే ప్రాచీన చైనా తాత్విక గ్రంథంలోది. మీరు నడిస్తే నడుస్తాను, వడిగా నడిస్తే వడిగా నడుస్తాను, పరుగెత్తితే పరుగెత్తుతాను, దుమ్ము కూడా అందనంత వేగంగా దూసుకుపోతే మాత్రం కళ్లప్పగించి వెనకే ఉండిపోతాను అంటాడు యెన్ హుయి, గురువు కన్ఫ్యూషియస్‌తో. పాపం, అక్కడది భక్తే!

ఇప్పటి వాడుకలో ఎక్కువగా ఎత్తిపొడుపు. సొంత బుర్ర వాడకుండా అనుకరించడం. దాదాపు మన ‘పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు’. టెన్షన్ లేకుండా ‘షియెషియె లావ్‌షీ’ అని రాసేయండి, అంటే ‘థాంక్యూ టీచర్’.