నిద్ర పట్టకపోతే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: మాది రాయగడ. మా ఆయన ఉద్యోగం విశాఖలో, పదిహేను రోజులకోసారి వచ్చి రెండ్రోజులుంటారు. అత్తయ్యకు పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. రాత్రిళ్లు రెండు గంటలకోసారి లేచి ఆమెను పక్కకు తిప్పుతాను. మధ్యలో పడుకున్నా నిద్ర రాదు, గుండె దడ. ప్రార్థనలో ఏడుపే తప్ప మాట రాదు. విశ్వాసం తగ్గిందనీ ఉపవాసం ఉండమనీ సంఘంలో ఒక పెద్దావిడ అన్నారు. ఆడపడుచు గుణుపురంలో ఉంది, కానీ నాలా ఎవరూ చూసుకోలేరు. దేవుడు నాకెందుకు విశ్రాంతి ఇవ్వడం లేదు?

జవాబు: అమ్మా, 'రెండు గంటలకోసారి' అన్నది ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకైతే అసలు సంగతి అక్కడే కనిపించింది. తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయి, మీరు చేస్తున్నది సరైనదే. కానీ పదింటికి నడుం వాలిస్తే పన్నెండుకి, రెండుకి, నాలుగుకి లేవాలి. ఏడు నెలలు అలా లేచిన మనిషికి గుండె దడ రాకపోతేనే ఆశ్చర్యం. దాన్ని విశ్వాసం ఖాతాలో రాయకండి.

ఉపవాసం ఇప్పుడొద్దు. బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం తీయండి. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, ప్రాణం తీసెయ్యి అన్నాడు. దేవదూత మందలించలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపినప్పుడూ తిండి మాటే. హోరేబు కొండ, దేవునితో సంభాషణ ఆ తర్వాత సంగతి. మీరూ వేళకింత చోడి అంబలైనా తాగండి. ప్రార్థనకు మాట రాకపోతే 'ప్రభువా, అలసిపోయాను' అని పడుకోండి. అదీ ప్రార్థనే.

'నాలా ఎవరూ చూసుకోలేరు' అన్న చోట మాత్రం నేను ఆగాను. అంటే దేవుడు కూడానా? అత్తయ్యను ఒక రాత్రి ఇంకొకరి చేతుల్లో పెట్టి, పక్క గదిలో కళ్లు మూసుకోగలరా? దేవునికి అప్పగించడమంటే నాకు తెలిసినంతలో అదే. ఒక్కడివే మోయలేవు, పని పంచు అని మోషేకి చెప్పింది పిల్లనిచ్చిన మామ యిత్రో. మీకలా చెప్పే అత్తింటివారు ఎవరూ లేనట్టున్నారు కాబట్టి మీరే అడగాలి. మొహమాటం లేకుండా ఆడపడుచును వారానికి రెండు రాత్రులు అడగండి.

దడ గురించి డాక్టరుకు చూపించుకోండి, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించమనండి. బతకాలనిపించని రోజు వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, అర్ధరాత్రైనా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు.

మీ ఆయన ఇంట్లో ఉన్న రెండు రాత్రులూ అలారం ఆయన ఫోన్లో పెట్టించండి.