ఒక నిమిషం టాలరెన్సు ఉన్న కోణాన్ని బెవెల్ ప్రొట్రాక్టరుతో కొలవవచ్చునా?

డ్రాయింగులో 14°30′ ± 1′ అని ఉన్న (అంటే ఒక నిమిషం, డిగ్రీలో అరవయ్యో వంతు, అటూ ఇటూ తేడాను మాత్రమే అనుమతించే) ఉక్కు వెడ్జిని, అంటే ఏటవాలు ముక్కను, కోణాలు కొలిచే బెవెల్ ప్రొట్రాక్టరుతో కొలిస్తే ప్రతిసారీ వేరే రీడింగు వస్తోందని, లోపం చేతిదా పరికరానిదా అని మీరు అడిగారు. రెండింటిదీ కాకపోవచ్చు. వెర్నియర్ బెవెల్ ప్రొట్రాక్టరు లీస్ట్ కౌంటు (అది చూపగల అతి చిన్న కొలత) సాధారణంగా 5 నిమిషాలు కనుక, ఒక నిమిషం టాలరెన్సును దానితో తేల్చడం కుదరదు.

తనిఖీ విభాగంలో ఇలాంటి వాటికి నేను, రెండు చివర్లా రోలర్లు ఉండి కోణాన్ని నిలపడానికి వాడే ఉక్కు కడ్డీ అయిన సైన్ బార్‌నే వాడేవాడిని. 200 మి.మీ. బార్‌ను ఈ కోణానికి నిలపాలంటే ఒక రోలరు కింద 200 × సైన్ 14°30′, అంటే 50.076 మి.మీ. ఎత్తు కావాలి, 1.006, 1.07, 8, 40 మి.మీ. స్లిప్ గేజిలను (కచ్చితమైన మందం గల దిమ్మెలను) శుభ్రంగా తుడిచి, ఒకదానిపై ఒకటి జరిపి అంటుకునేలా చేస్తే ఆ ఎత్తు వస్తుంది. వెడ్జి మందపు వైపు బార్ దిగువ చివరకు వచ్చేలా పెట్టి, పైతలం మీద డయల్ ఇండికేటరును (ఎత్తులో తేడాను ముల్లుతో చూపే పరికరాన్ని) పొడవునా నడిపించండి; కోణం సరిగా ఉంటే రీడింగు మారదు. 100 మి.మీ. దూరంలో రీడింగు 0.029 మి.మీ. మారితే కోణంలో తేడా ఒక నిమిషం. ఇందుకు 0.01 మి.మీ. డయల్ కంటే 0.001 మి.మీ. డయల్ మేలు.

ఒకసారి ఒకే వెడ్జి, తీసి పెట్టిన ప్రతిసారీ వేరే ఫలితం చూపింది. బార్, గేజిలు, వాటి కింది సమతల ప్లేటు అన్నీ సరిగానే ఉన్నాయి గాని, వెడ్జి అడుగు అంచున కంటికి ఆనకుండా గోటికి మాత్రమే తగిలే బర్ (పొడుచుకొచ్చిన లోహపు గరుకు) ఉంది. 100 మి.మీ. ముక్క ఒక చివర 0.01 మి.మీ. లేచినా కోణం సుమారు 20 సెకన్లు మారుతుంది, అంటే మీకున్న ఒక నిమిషంలో మూడో వంతు అక్కడే పోతుంది. ఆయిల్ స్టోన్‌తో ఆ అంచును తేలికగా రుద్ది తుడిచాక రీడింగు నిలకడగా వచ్చింది. వెడ్జి బార్ మీద కాస్త పక్కకు తిరిగి ఉన్నా కొలత తప్పుతుంది కనుక, డయల్‌ను అడ్డంగా కూడా నడిపి చూడటం మంచిది.

చేతి వేడికి గేజిలు పెరుగుతాయని చాలామంది హెచ్చరిస్తారు. అది నిజమే అయినా, 50 మి.మీ. ఉక్కు గేజి ఒక డిగ్రీ వేడెక్కితే పెరిగేది 0.6 మైక్రాన్ల లోపే; ఈ బార్ మీద అది ఒక సెకను కూడా కాదు, మీ పనికి దాన్ని పట్టించుకోనక్కరలేదు.

అయితే 45° దాటిన కోణాలకు ఇదే అమరికను నేరుగా వాడకండి. ఎత్తులో అదే పొరపాటు జరిగినా, సున్నా దగ్గర వచ్చే కోణ దోషానికి 60° వద్ద రెట్టింపు, 75° వద్ద దాదాపు నాలుగు రెట్లు వస్తుంది. అలాంటప్పుడు యాంగిల్ ప్లేటు (లంబకోణపు ఆధారం) సాయంతో ముక్కను నిలబెట్టి, 90° నుంచి మిగిలిన పూరక కోణాన్ని కొలవండి.